శ్రద్ధ కోసం ఇచ్చే మాత్రలు, లివర్ గురించి మన భయాలు



ఈ పేజీలో ప్రతి నెలా పిల్లల చదువు గురించి మాట్లాడుకుంటాం. ఈ నెల పాఠం పిల్లలకు కాదు, పెద్దవాళ్లకు. ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు చెప్పిన పిల్లలకు ఇచ్చే మందుల గురించి, అవి లివర్‌ను పాడుచేస్తాయన్న భయం గురించి. ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టరును కాను, బీఈడీ చదివిన టీచర్‌ని. ఏ బిడ్డకు ఏ మందు, ఎంత డోసు అన్నది చెప్పడం నా పని కాదు. అయితే రోజుకు ఆరేడు గంటలు ఈ పిల్లలు ఉండేది మా ఎదుటే. మందు మొదలయ్యాక ఏం మారింది, మధ్యలో ఆగిపోతే ఏమైంది అన్నది ముందుగా కనపడేది క్లాసులోనే. అందుకే ఈ విషయం మీద చదివి, అర్థమైనంత వరకు మీ ముందు పెడుతున్నాను.

పెద్దపంజాణి, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చే తల్లిదండ్రుల దగ్గర తరచుగా వినే మాట ఇది: "మేడమ్, అది మత్తు మందంట కదా, లివర్ పోతుందంట కదా." ఎవరు చెప్పారంటే బంధువులు, పక్కింటివాళ్లు, ఫోన్‌లో చూసిన ఒక వీడియో. తెల్లవారుజామున బస్సెక్కి బెంగళూరు వెళ్లి, రోజంతా ఓపీలో కూర్చుని రాయించుకొచ్చిన మాత్రలు బీరువాలోనే ఉండిపోతాయి. కొందరు పది రోజులు వేసి ఆపేస్తారు. మరికొందరు వేస్తున్నారు గానీ స్కూలుకు చెప్పరు, ఇంట్లో అవ్వకూ తాతకూ కూడా చెప్పరు. ఈలోపు బిడ్డ రెండో తరగతి నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు వచ్చేస్తాడు. చదవలేకపోయిన పాఠాలు వెనక మిగిలిపోతాయి. "మొద్దు", "అల్లరోడు" అన్న పేరు మాత్రం ముందుకు వస్తుంది. కాబట్టి ఈ భయంలో ఎంత నిజం ఉందో తెలుసుకోవాల్సిన అవసరం ఉంది. నిజం బొత్తిగా లేదని నేను చెప్పబోవడం లేదు.

ఇవి ఏ మందులు?

ఏడీహెచ్‌డీకి వాడే మందుల్లో ఎక్కువ భాగం స్టిమ్యులెంట్లు, అంటే ఉత్తేజం కలిగించేవి. అసలే నిలకడ లేని పిల్లవాడికి ఉత్తేజం ఇచ్చే మందు ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. మెదడులో ఒక పని మీద మనసు నిలపడానికి, "ఆగు, ఇప్పుడు కాదు" అని తనకు తాను చెప్పుకోవడానికి డోపమైన్, నార్ అడ్రినలిన్ అనే రసాయనాలు కావాలి. ఈ మందులు వాటిని పెంచుతాయి. మెదడులో బ్రేకు వేసే భాగం చురుకవుతుంది, బిడ్డ కుదురుగా కనిపిస్తాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు యాంఫెటమిన్ రకం మందు ఇచ్చిన పిల్లల్లో ఈ మార్పును మొదట గమనించి రాశాడు.

మన దేశంలో ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదే దీనికి రిటాలిన్ అనే బ్రాండు పేరు వచ్చింది. పిల్లలకు చెప్పడానికి బాగుంటుందని ఈ ముక్క కూడా రాశాను.

లివర్ ఏం చేస్తుంది?

మదనపల్లె టమోటా మండీ చూసినవాళ్లకు లివర్ పని సులభంగా అర్థమవుతుంది. తెల్లవారేసరికి చుట్టుపక్కల మండలాల నుంచి క్రేట్లు వచ్చి పడతాయి. ఏది మంచి కాయ, ఏది దెబ్బతిన్నది, ఏది ఏ లారీ ఎక్కాలి అని అక్కడ తేలుతుంది. మనం మింగినది పేగుల్లో కరిగి రక్తంలో కలిశాక ముందు లివర్‌కే వెళ్తుంది. కుడివైపు పక్కటెముకల కింద ఉండే ఈ అవయవం మందును విరగ్గొట్టి, నీళ్లలో కరిగేలా మార్చి, మూత్రం దారిలోకో పైత్యరసం దారిలోకో పంపుతుంది. ఒక్కో మందుకు ఒక్కో ఎంజైమ్, అంటే ఒక్కో పనివాడు. లివర్‌కు చేటు జరిగేది సాధారణంగా రెండు విధాలుగా. పనివాళ్లు మోయలేనంత సరుకు ఒక్కసారి వచ్చి పడితే ఒకటి. విరగ్గొట్టే క్రమంలో పుట్టిన ముక్కే విషమైతే, లేదా శరీరం దాన్ని శత్రువనుకుని తిరగబడితే రెండోది. ఈ రెండోది ఎవరిలో జరుగుతుందో ముందుగా చెప్పడం కష్టం.

మిథైల్‌ఫెనిడేట్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ లివర్‌లోనే ఉంది, దాని పేరు కార్బాక్సిల్ ఎస్టరేజ్. అది ఈ మందును రిటాలినిక్ ఆమ్లం అనే పదార్థంగా మారుస్తుంది. ఆ ఆమ్లానికి మెదడు మీద చెప్పుకోదగ్గ పనేమీ ఉండదు, మూత్రంలో వెళ్లిపోతుంది. మామూలు మాత్ర అయితే రెండు మూడు గంటల్లో రక్తంలో మందు సగానికి పడిపోతుంది. ఉదయం వేసిన మాత్ర మధ్యాహ్నానికి పని తగ్గిపోయేది అందుకే. లాంగ్ యాక్టింగ్ మాత్రలు మందును నెమ్మదిగా వదులుతాయి, వాటిని నమలకూడదు, పొడి చేయకూడదు. యాంఫెటమిన్ రకం మందుల్లో మంచి భాగం మారకుండానే మూత్రంలో పోతుంది.

మరి లివర్ దెబ్బతినడం జరగనే జరగదా? మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నవాళ్లలో లివర్ ఎంజైమ్‌లు పెరగడం, అరుదుగా తీవ్రమైన లివర్ జబ్బు రావడం వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మందు కాగితం మీద కూడా ఆ హెచ్చరిక ఉంటుంది. అయితే దశాబ్దాలుగా ప్రపంచమంతా ఎంతో మంది పిల్లలు వాడుతున్న మందుకు అలాంటి కేసులు చాలా కొద్ది. బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏడీహెచ్‌డీ మందులు వాడే వారికి ప్రత్యేక కారణం లేకుండా లివర్ పరీక్షలు మామూలుగా చేయించనక్కర్లేదని చెప్తాయి. లివర్‌కు పెద్ద ముప్పు ఉన్న మందు గురించి ఎవరూ అలా రాయరు.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇదే వర్గంలో పెమోలిన్ అనే ఇంకో స్టిమ్యులెంట్ ఉండేది. 1975లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. రోజుకు ఒక్కసారి వేస్తే చాలు, అలవాటు పడే ప్రమాదం తక్కువ అని డాక్టర్లకు అది నచ్చింది. తర్వాత్తర్వాత లివర్ పూర్తిగా పనిచేయకుండా పోయిన పిల్లల కేసులు బయటపడ్డాయి. కొందరికి లివర్ మార్పిడి చేయాల్సి వచ్చింది, కొందరు చనిపోయారు. సంఖ్య పెద్దది కాదు గానీ, మామూలు జనంలో లివర్ ఇలా ఒక్కసారిగా చెడిపోయే రేటుతో పోలిస్తే ఈ మందు వాడినవారిలో 10 నుంచి 25 రెట్లు ఎక్కువగా ఉందని అమెరికా ఔషధ సంస్థ లెక్కగట్టింది. ప్రతి రెండు వారాలకు లివర్ పరీక్ష చేయించమని పెట్టెల మీద హెచ్చరిక వేశారు. అయినా జబ్బు పరీక్షకు చిక్కకుండా ముంచుకొస్తోందని తేలింది. కెనడా 1999లో ఆపేసింది. అమెరికాలో 2005లో దాని అనుమతి పోయింది.

"స్టిమ్యులెంట్ మందు పిల్లల లివర్‌ను తీసింది" అన్న మాట గాల్లో పుట్టింది కాదన్నమాట. పెమోలిన్ విషయంలో అది నిజం. ఒకే వర్గం పేరు మోస్తున్నంత మాత్రాన మిథైల్‌ఫెనిడేట్‌కు ఆ నేరం అంటగట్టడమే పొరపాటు. రెండింటి రసాయన నిర్మాణం వేరు, లివర్‌లో అవి వెళ్లే దారి వేరు.

రెండోది ఆటోమోక్సెటిన్. ఇది స్టిమ్యులెంట్ కాదు. మన దగ్గర కూడా దొరుకుతుంది, స్టిమ్యులెంట్ పడనివారికి డాక్టర్లు రాస్తారు. "ఇది మత్తు వర్గం కాదు కదా, కాబట్టి సేఫ్" అనుకునేవాళ్లున్నారు. నిజానికి లివర్ విషయంలో ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది దీని మీదే. 2002 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందుకు 2004 డిసెంబరులో లివర్ హెచ్చరిక చేర్చారు. అప్పటికి 20 లక్షల మందికి పైగా వాడగా ఇద్దరికి, ఒక టీనేజ్ బిడ్డకు, ఒక పెద్దమనిషికి, లివర్ తీవ్రంగా దెబ్బతింది. మందు ఆపాక ఇద్దరూ కోలుకున్నారు. 20 లక్షల్లో ఇద్దరు అన్న లెక్క ధైర్యం ఇస్తుంది. ఈ మందు వల్ల కామెర్లు వస్తే ఆపేయాలి, మళ్లీ మొదలుపెట్టకూడదు అన్న నియమం కూడా అంతే గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ముందే లివర్ జబ్బు ఉన్నవారికి దీని డోసు సగానికో నాలుగో వంతుకో తగ్గించాలి. బిడ్డకు చిన్నప్పుడు కామెర్లు వచ్చి ఉంటే, ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉంటే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఏం కనిపిస్తే ఆగాలి?

కళ్లలో తెల్లగుడ్డు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, ఒళ్లంతా దురద, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కారణం తెలియకుండా వాంతులు, నీరసం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేసేముందే డాక్టరుకు ఫోన్ చేయండి, అదే రోజు బిడ్డను చూపించండి. ఎల్‌ఎఫ్‌టీ అనే రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్ చూస్తారు. రిపోర్టులో అంకె గీత కాస్త దాటిందని హడలిపోనక్కర్లేదు. జ్వరం వచ్చి తగ్గాక కూడా కొన్నాళ్లు అలా ఉండొచ్చు. దాని అర్థం చెప్పాల్సింది డాక్టరే, ల్యాబ్‌లో రిపోర్టు ఇచ్చే అబ్బాయి కాదు.

ఇంకో సంగతి. మాత్ర వేసుకునే బిడ్డకు కామెర్లు వస్తే అది మాత్ర వల్లే అయి ఉండనక్కర్లేదు. మన దగ్గర పిల్లల్లో కామెర్లకు పెద్ద కారణం హెపటైటిస్ ఏ, అంటే కలుషితమైన నీళ్లు, తిండి. పసిరికలు అని ఊళ్లో చెప్పుకునేవి ఎక్కువగా ఇవే. సాధారణంగా వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గుతాయి. పసరు మందు పోయించాక తగ్గినట్టు కనిపించేది కూడా చాలాసార్లు అందుకే. తగ్గకపోతే మాత్రం విలువైన రోజులు పోతాయి. చేతికి వాతలు పెట్టించడం గురించి ఒక్క మాటే: వద్దు.

మన ఇళ్లలో లివర్‌కు అసలు బరువు ఎక్కడ పడుతోంది?

ఏడీహెచ్‌డీ మాత్ర గురించి భయపడే ఇంట్లోనే జ్వరం సిరప్ లెక్క లేకుండా పోస్తుంటారు. పారాసిటమాల్ మంచి మందు. సరైన డోసులో పిల్లలకు సురక్షితం. డోసు మీరితే మాత్రం లివర్‌ను నేరుగా కొట్టే మందు అదే. ఇక్కడ ఒక లెక్క చేద్దాం. సాధారణంగా ఒకసారికి కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల వరకు ఇస్తారు. 20 కిలోల బిడ్డకు 300 మిల్లీగ్రాములు. సిరప్ సీసాలు రెండు రకాలు దొరుకుతాయి: 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండేది, 250 ఉండేది. మొదటిదైతే 12 మిల్లీలీటర్లు, రెండోదైతే 6. పోయినసారి 12 పోశాం కదా అని ఈసారి 250 సీసాలోంచి 12 పోస్తే బిడ్డకు వెళ్లింది రెండింతలు. అమ్మ ఒకసారి, తెలియక అవ్వ ఒకసారి పోసి, దాని మీద జలుబు సిరప్ కూడా పడితే? చాలా జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది. 24 గంటల్లో నాలుగు డోసులకు మించకూడదు, మధ్యలో కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. సీసా మీద అంకె చూసి, గోడ క్యాలెండర్ మీద టైము రాసుకోవడం ఒక్కటి అలవాటు చేసుకోండి.

మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే పిల్లలున్నారు. ఏడీహెచ్‌డీ, మూర్ఛ కలిసి ఉండటం కొత్తేమీ కాదు. వాల్‌ప్రోయేట్‌కు లివర్ హెచ్చరిక చాలా గట్టిది, ముఖ్యంగా రెండేళ్లలోపు పిల్లల్లో. రెండు మందులూ ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాస్తే, ఒకరి చీటీ ఇంకొకరికి చూపించాలి. క్షయ మందులదీ అదే సంగతి. మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం పేరు తెలియని ఇల్లు మన వైపు తక్కువ. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఈ మూడూ లివర్ మీద బరువు మోపేవే. ఏడీహెచ్‌డీ మాత్రల కంటే అవి లివర్‌ను ఎక్కువసార్లు ఇబ్బంది పెడతాయి. అయినా వాటిని ఎవరూ మానమనరు, ఎందుకంటే జబ్బును వదిలేస్తే జరిగే నష్టం పెద్దదని మనకు తెలుసు. ఏడీహెచ్‌డీ విషయంలో ఆ లెక్క వేయం. వదిలేస్తే జరిగే నష్టం ఎక్స్‌రేలో కనపడదు కదా.

ఇక తిప్పతీగ. కరోనా రోజుల్లో దాన్ని కషాయం కాచి తాగని వీధి లేదు. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లతో పాటు దేశంలోని 13 కేంద్రాల వారు కలిసి, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలు ఇచ్చారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం అసలైన తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన వేరే తీగతో పొరబడే అవకాశం ఉందని చెప్పింది. ఈ వాదన తేల్చడం నాకు చేతకాదు. నేను చెప్పేది చిన్న మాట. "ఇంగ్లీషు మాత్ర లివర్‌కు చెడ్డది" అని దాన్ని ఆపి, ఆ స్థానంలో పేరు తెలియని పొడి కలిపి పోయడం లివర్‌ను కాపాడటం కాదు. చెట్టు మందు కూడా ఆ మండీకే వెళ్తుంది, ఆ పనివాళ్లే దాన్ని విరగ్గొట్టాలి. ఏది వాడుతున్నా డాక్టరుకు చెప్పండి, తిడతారని దాచొద్దు.

హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు ఒకటి చెప్పాలి. పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికి ఎనర్జీ డ్రింకులు తాగడం కనపడుతోంది. అదీ స్టిమ్యులెంటే, కెఫీన్. మన ఆహార భద్రత సంస్థ లెక్కలో ఇలాంటి డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు, పిల్లలకు తగదని డబ్బా మీద రాయాలి. రాసే ఉంటుంది, చాలా చిన్న అక్షరాల్లో.

ర్యాంకు కోసం మాత్ర

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. "మా వాడికి జబ్బేమీ లేదు, కానీ శ్రద్ధ పెరిగే మాత్ర ఏదో ఉందంట, ఒలింపియాడ్ ముందు వేయొచ్చా?" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. మా లాంటి పెద్ద స్కూళ్లలో మార్కుల ఒత్తిడి ఉందని అందరికీ తెలిసిందే, దాన్ని నేను కాదనను. అయినా ఇది కుదరదు. జబ్బు లేని బిడ్డ గుండె వేగం, రక్తపోటు, నిద్ర మీద పడే భారానికి బదులుగా వచ్చేదేమీ లేదు. హాస్టల్లో ఒకరి మాత్ర ఇంకొకరు పంచుకోవడం ఇంకా ప్రమాదం. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, ఒక ప్రతిని మందుల షాపు రెండేళ్లు దాచాలి. జనం "మత్తు మందు" అనేది ఈ కట్టుబాటు చూసే. చట్టం అంత కఠినంగా ఉన్నది దుర్వినియోగం జరుగుతుందని, లివర్ కోసం కాదు. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులోనే దొరుకుతుంది కాబట్టి, అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి.

డాక్టరు చెప్పి వాడుతున్న పిల్లల్లో రోజూ కనపడే ఇబ్బందులు లివర్‌వి కావు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, కడుపునొప్పి, తలనొప్పి, సాయంత్రం చిరాకు. కొందరిలో ఎత్తు పెరగడం కాస్త నెమ్మదిస్తుంది. పదేళ్లలోపు పిల్లలకు మూడు నెలలకొకసారి బరువు, అందరికీ ఆరు నెలలకొకసారి ఎత్తు, నాడి, బీపీ చూడాలి. మధ్యాహ్నం క్యారియర్ నిండుగా ఇంటికి వస్తే బిడ్డను తిట్టకండి. మాత్రకు ముందే ఉదయం ఇడ్లీనో రాగి జావో కడుపునిండా పెట్టండి. సాయంత్రం మందు పని తగ్గాక ఆకలి వస్తుంది, అప్పుడు ఉడికించిన శనక్కాయలు, అరటిపండు, రాత్రికి సంగటి. గుండె జబ్బు ఉన్న కుటుంబమైతే మందు మొదలవక ముందే డాక్టరుకు చెప్పాలి.

అంత దూరం ఎలా వెళ్లడం అనేవారికి: బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ముందుగా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు చేసే స్క్రీనింగ్‌లో ఎదుగుదల సమస్యలు కూడా చూస్తారు, మీ పీహెచ్‌సీలో అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు క్లాస్ టీచర్‌ను ఒక కాగితం అడగండి. పిల్లవాడు ఎంతసేపు కూర్చుంటున్నాడు, ఏ పీరియడ్‌లో బాగుంటున్నాడు, మధ్యాహ్నం తిన్నాడా అన్నది రాసిస్తాం. డాక్టరుకు అది పనికొస్తుంది. స్కూల్లో మధ్యాహ్నం మాత్ర వేయాల్సి ఉంటే చీటీ నకలు, మాత్రలు ఆఫీసులో ఇవ్వండి, బ్యాగులో పెట్టి పంపకండి. ఆ వివరం క్లాస్ టీచరుకు, ఆఫీసుకు తప్ప వేరే పిల్లలకు, వేరే తల్లిదండ్రులకు చేరదు.